చాచా చేసిన ఫ్లాపీ

జడ్చర్లలో మా పక్కింటి చాచా చనిపోయి నెల దాటింది. కబురు వచ్చినప్పుడు నేను కాలేజీలో ఉన్నాను. ఆ మధ్యాహ్నం పిల్లలకు ఏం పాఠం చెప్పానో గుర్తు లేదు.

చాచాది బస్టాండు వెనక పెళ్లికార్డులు టైపు చేసే దుకాణం. తెలుగైనా ఉర్దూ అయినా ఆయన పూల అంచు లేని కార్డు మా వీధిలో ఎవరూ పంచలేదు. ఆ పూలన్నీ ఒక పాత కంప్యూటర్లోనే ఉండేవి, కొత్తవాటిలో తెరుచుకోవు. నా పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం కూడా అందులోనే టైపు చేయించాను. సగంలో ఉండగా ఒక పొద్దున ఆ మెషీను నల్లటి తెర మీద ఒక్క వాక్యం చూపించి ఆగిపోయింది. నా రాతంతా పోయిందా అని అడిగాను.

"పరేషాన్ గాకు బిడ్డా," అన్నారు చాచా. "నీ రాత లోపట గట్లనే ఉంది. ఇది లేసుడు యాది మరిచింది. మనం యాదికి తెద్దాం."

పక్కనున్న ఇంకో పాత కంప్యూటర్లో ఒక ఫ్లాపీ డిస్కు పెట్టి, ఆ డిస్కులో ఉన్నదంతా చెరిపి, మెషీను లేవడానికి కావలసిన ఫైళ్లు మాత్రం ఎక్కించారు. తర్వాత ఫ్లాపీ మూలనున్న బుల్లి బిళ్లను జరిపి, ఆ కన్నంలోంచి ఒంటికన్నుతో నన్ను చూశారు. "ఇగ దీని మీద ఎవ్వలు రాయలేరు. నేను గూడ."

ఆగిపోయిన మెషీనులో ఆ ఫ్లాపీ పెట్టగానే అది గరగరమంటూ లేచింది. నేను ఊపిరి పీల్చుకునేలోపే ఆయన ఆపేశారు. మళ్లీ లేపారు.

"ఒకపారి లేస్తే నసీబు. రెండోపారి గూడ లేస్తే అప్పుడు పని అయినట్టు."

"మీ చాచా గంతే. అన్నం ఉడికిందంటే గూడ నమ్మడు, మూత తీసి చూస్తడు," అంది చాచీ, టీ గ్లాసులు పెడుతూ.

ప్రతిదానికీ సందేహపడే నన్ను ఆయన ఎప్పుడూ తప్పు పట్టలేదు. "డౌటు మంచిదే. దాన్ని పట్టుకొని కూసోకు, చేసి చూడు," అనేవారు. అది నాకు ఎంతవరకు అబ్బిందో ఇప్పటికీ చెప్పలేను.

ఆనాటి నుంచి ఆ మెషీను ఫ్లాపీ పెడితేనే లేచేది. ఒకటి అరిగితే చాచా ఇంకొకటి చేసేవారు.

మొన్న చాచీ పిలిచింది. చాచా పేరున నలభయ్యో రోజు చేసే ఫాతెహా ప్రార్థనకు కార్డులు కావాలి. "పిల్లలు బయట చేపిస్తమంటున్నరు. ఊరందరికి ఆయన పూలు ఏసిండు గద బిడ్డా. ఆయనకు వేరేటోళ్ల పూలెందుకు?"

దుకాణం సొరుగులో ఒక్క ఫ్లాపీ మిగిలింది. అది పాడైతే ఇంకొకటి చేయడం నాకు రాదు. పెట్టాలా వద్దా అని చాలాసేపు పట్టుకుని నిలబడ్డాను. కన్నం తెరిచే ఉందా అని కిటికీకేసి పెట్టి చూశాను. చిన్న చదరపు వెలుగు నా బొటనవేలి మీద పడింది. లోపలికి నెట్టాను. గరగర. పచ్చ దీపం. తెర మీద తెల్లటి అక్షరాలు.

నేను మెషీను ఆపేశాను.

"లేసింది గద, మళ్ల ఎందుకు బంద్ చేసినవ్?" అని, వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది చాచీ. "నువ్వు గూడ గంతేనా."

స్విచ్చు మళ్లీ వేశాను. ఇద్దరం ఆ పచ్చ దీపం వైపే చూస్తూ నిలబడ్డాం. అది వెలిగింది.