భీమశంకర్ గారు చెప్పని జవాబు

పొద్దున్న కాఫీ వేళ భార్య సుమతి గారు "వంకాయ వండనా, దొండకాయా?" అని అడిగినా సరే, భీమశంకర్ గారు కప్పు కింద పెట్టి, "ఎవరడగమన్నారు?" అంటారు.

"నా ఇంట్లో నేనే అడుగుతున్నాను మహానుభావా!" అని ఆవిడ విసుక్కుంటే గానీ కూర సంగతి తేలదు.

ఇది ఆయనకి ఉద్యోగం అంటించిన జబ్బు. అమెరికా వచ్చి అరోరాలో ఇల్లు కొనుక్కున్న కొత్తలో ఆయన రాష్ట్ర ప్రభుత్వపు ఆహార విభాగంలో చేసేవారు. ఫలానా నియమం మాకు వర్తిస్తుందో లేదో ముందే తేల్చి చెప్పండి అని జనం పంపే అర్జీలు ఆయన బల్ల మీదికే వచ్చేవి. జవాబిస్తే అడిగినవాళ్లూ ఆఫీసూ దానికి కట్టుబడాలి. అసలు జవాబివ్వాలా వద్దా అన్నది మాత్రం ఆయన విచక్షణ.

1984 వేసవిలో అనంతలక్ష్మి పేరుతో ఒక అర్జీ వచ్చింది. భర్త పోయాక ఆవిడ మాగాయ పెట్టి, తెలుగువాళ్ల ఇళ్లకి అమ్మి, ఇద్దరు పిల్లల్ని చదివిస్తోంది. సుమతి గారూ ఆవిడ దగ్గరే కొనేవారు. మామిడి ముక్కలు ఇంటి వెనక చెక్క డెక్ మీద ఎండబెడతాననీ, ఉడతలు తిరుగుతుంటాయనీ, పైన పాత చీర కప్పుతాననీ, దీనికి లైసెన్సు కావాలా అనీ అందులో ఉంది.

భీమశంకర్ గారు రెండుసార్లు చదివారు. తన మీద తానే చాడీ చెప్పుకునే మనిషి ఎక్కడైనా ఉంటుందా?

ఆదివారం భజనలో ఆవిడ కనబడితే పక్కకి పిలిచారు. "ఏమ్మా, ఆ ఉడతల సంగతి ఎందుకు రాశారు?"

"నేనెక్కడ రాశానండీ! ఇండియన్ షాపు జగదీష్ గారు టైప్ చేయించి సంతకం పెట్టమన్నారు. గవర్నమెంట్ పేపర్ చేతిలో ఉంటే ఎవరూ నోరెత్తరట. అక్కడ మీరున్నారుగా, మనవాళ్లే, ఓకే చేసేస్తారన్నారు."

జగదీష్ తన షాపులో పచ్చడి సీసాలు పెట్టింది ఆ నెలలోనే.

నిజం చెప్తే లైసెన్సు కావాలి, ఉడతలు తిరిగే డెక్‌కి అది రాదు. ఆవిడ పొయ్యి ఆరిపోతుంది. అక్కర్లేదని రాస్తే అబద్ధం. ఈ అర్జీకి జవాబివ్వదలచుకోలేదని ఆయన ఒక్క వాక్యం పంపి ఊరుకున్నారు.

ఇక ఎవరి అనుమానం వాళ్లది. "ఇంత తేలికైన ప్రశ్నకి జవాబెందుకివ్వలేదు?" అని పై అధికారి రెండు రోజులు ఆయన మొహమే చూశాడు. షాపులో జగదీష్ అందరూ వినేలా, "సార్‌కి ఎన్ని సీసాలు ముట్టాయో!" అని నవ్వాడు. అనంతలక్ష్మి గారైతే మొహం మీదే అడిగేశారు: "మనవాడని నమ్మాను. ఒక్క ముక్క రాయడానికి మీ చెయ్యి పడిపోయిందా?"

ఆ మౌనం ఆవిడ కోసమే అని చెప్తే, అది ఆ నోటా ఈ నోటా పడి ఆఫీసుకి చేరుతుందోనని ఆయన భయం. సుమతి గారికీ అనుమానమే. "ఆవిడ కోసమా, మీ ఉద్యోగం కోసమా?" అని అప్పుడప్పుడూ అడుగుతారు. ఆయన కప్పు కింద పెడతారు.

అనంతలక్ష్మి గారు పిల్లల చదువులయ్యేదాకా మాగాయ అమ్మారు, సుమతి గారింటికి తప్ప. తర్వాత కొడుకు దగ్గరికి బాతెల్ అనే ఊరు వెళ్లిపోయారు. భీమశంకర్ గారు రిటైరై చాలా ఏళ్లయింది. ఇప్పుడు వాళ్లింటికి మాగాయ జగదీష్ షాపు నుంచే వస్తుంది.