పన్నెండు వాడుక ఇళ్ళు

నేను చెప్పేది చెప్పినట్టు రాయి, మధ్యలో ఆపకు. ఆ చేపల సావుకారు పోయి చాలా ఏళ్ళయింది. వాడి మీద నా కోపం మాత్రం పోలేదు. అది కూడా రాయి.

ఆనకట్ట కట్టిన కొత్తల్లో మాట. మా రేవులో పడ్డ చేపంతా ఆ సావుకారే కొనేవాడు. దాన్ని గంపలో రైతుల ఇళ్ళకు తిప్పి అమ్మే ముసలమ్మకి పన్నెండు వాడుక ఇళ్ళు. వాడుక ఇల్లంటే అక్కడ ఇంకొకరు గంప దించకూడదు. ఏ ఇంట్లో పులుపు ఎక్కువ తింటారో, ఏ కోడలు నెల తప్పిందో, అన్నీ ఆవిడకి తెలియాలి. ఆవిడకి చూపు పోయింది. ఆ ఇళ్ళకి మనిషి కావాలని సావుకారు రేవులో చాటించాడు. కూలి బియ్యం, ఏడాదికి రెండు చీరలు.

మీ తాత పడవ ఆ ఏడు వచ్చిన వరదకే విరిగిపోయింది. ఆ ఇళ్ళు దొరక్కపోతే పుట్టింటికి పోయి వదినల చేతి కూడు తినాలి. అందుకని వెళ్ళాను. నా తోడికోడలూ వచ్చింది. దాని మొగుడి పడవ నిక్షేపంగా ఉంది, అయినా వచ్చింది.

సావుకారు ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు.

"మోతుబరి గారింట్లో అమ్మగారు ఎవరి గంప బోణీ చేస్తే ఇళ్ళన్నీ వాళ్ళవే. ఇవాళ నువ్వెళ్ళు. రేపు ఇది వెళ్తుంది."

నాకు రేవులో అమ్మడమే తెలుసు. ఒకరి గడప దగ్గర అమ్మింది లేదు. గంప ఎత్తుతుంటే తోడికోడలు పక్కకి చేరింది.

"అక్కా, పెద్దింటోళ్ళు సేప కడుక్కుంటారేంటి? మొప్పలు తీసి, పొట్ట సీల్చి, సుబ్బరంగా పట్టుకెళ్ళు. మెచ్చుకుంటారు."

సావుకారు అక్కడే ఉన్నాడు. విన్నాడు. మీసం తడుముకున్నాడు.

గంపలో ఉన్నది నిండు పులస. మొప్పలు పీకి, కడుపులో గుడ్ల జన తీసి ఆకులో చుట్టి, అద్దంలా కడిగి తీసుకెళ్ళాను. అమ్మగారు తల వంచి వేలు పెట్టి చూసింది.

"మొప్ప ఎరుపు చూడకుండా పులస కొంటారటే? నిన్నటి చేపకి మొప్పలు పీకి తెచ్చావు. ఈ జన ఏ చేపదో!"

"ఇప్పుడే రేవులో దిగిందండి అమ్మగారూ, ఒట్టండి!"

"ఒట్లు మీ రేవులో పెట్టుకో. గంప ఎత్తు."

నేను నిలబడ్డ చోట నీళ్ళు కూడా చల్లించింది.

మర్నాడు తోడికోడలు కోయని పులస తీసుకెళ్ళి, మొప్ప ఎత్తి చూపించి, బోణీ చేయించుకొచ్చింది.

"నా తోడికోడలు అబద్ధం చెప్తుంటే మీరు విన్నారు గదండీ!" అన్నాను సావుకారుతో.

"విన్నాను. ఎవరేం చెప్తే అది చేసే మనిషి నాకెందుకే? చేపలకి ఉప్పు పట్టే పాకలో పనుంది, నీ తోడికోడలి కింద చేసుకో."

గంప వాడి గుమ్మంలో బోర్లించి వచ్చేశాను. ఆ వారమే పుట్టింటికి పోయాం. వదినలు పెట్టింది తిన్నాను, పెడుతూ అన్నవీ తిన్నాను. మీ నాన్న చేతికి అందొచ్చాకే మళ్ళీ ఈ రేవుకి తిరిగొచ్చాం.

నిరుడు తోడికోడలికీ చూపు పోయింది. ఆ ఇళ్ళు మీ అమ్మకి ఇస్తానని కబురు పెట్టింది. మీ అమ్మ గంప కూడా కడుక్కుని కూచుంది. నేను మీ నాన్న పట్టిన పులస ఒకటి తీసుకుని, మొప్పలు పీకి, శుభ్రంగా కడిగి దానింటికి పంపించాను. కళ్ళు లేకపోతేనేం, వేలు పెట్టి తడుముకుంటే తెలుస్తుంది.

మళ్ళీ కబురు రాలేదు. మీ అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. మానేస్తే మానెయ్యనీ.