బస్రాలో తిన్న ఉగ్గాని

ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించిన కొన్నాళ్లకు మేం కువైట్‌లో ఉంటున్న అబ్బాసియా పేట వదిలి, మనవాళ్లతో కిక్కిరిసిన బస్సులో జోర్డాన్‌కు బయల్దేరాం. బస్రాలో బస్సు ఆగినప్పుడు నా పక్క సీటులోని కడప అమ్మాయి సంచిలోంచి బొరుగులు తీసింది. తాగే నీళ్లే కాసిని చిలకరించి మెత్తబరిచి, ఉల్లిపాయ ముక్కలు, పప్పుల పొడి కలిపి నా చేతిలో పెట్టింది.

"తినుక్కా, ఉగ్గాని. తిరగమాత లేదు, ఏమనుకోవాకు."

నేను విజయవాడదాన్ని, అంతకుముందెప్పుడూ తినలేదు. కారానికి కళ్లు చెమర్చినా ఇంకాస్త పెట్టమన్నాను.

అంతలో కువైట్ వైపు వెళ్లే బస్సొకటి వచ్చి ఆగింది. ఆమె లేచి బొరుగుల సంచి నా ఒళ్లో పెట్టింది.

"నేను ఎనక్కి పోతాండాక్కా. మా చెల్లెలు జహ్రాలో ఒక ఇంట్లో పనికుండాది. ఆ ఇంటామె దాన్ని పంపీలేదు."

"ఇప్పుడు వెళ్తే మళ్లీ రాగలవా?"

"దాన్ని కువైట్‌కు పిలిపిచ్చిందే నేను. ఇడిసిపెట్టి పోతే మాయమ్మకు ఏం చెప్పల్ల?"

పేరు అడిగేలోపే దిగిపోయింది.

ఇప్పుడు ఇంట్లో బొరుగులు బాగా నానబెట్టి, నీళ్లు పిండేసి, తిరగమాత పెట్టి చేస్తాను. అందరూ ఇష్టంగా తింటారు. నేను మాత్రం తినేముందు, ఆ అక్కచెల్లెళ్లిద్దరూ వాళ్లమ్మ దగ్గరికి చేరే ఉంటారని మనసుకు చెప్పుకుంటాను. అది పూర్తిగా నమ్మదు.