చీర మార్చిన తెర

దర్శిలో ఎరువుల కొట్ల బోర్డులన్నీ జక్రయ్య చేతిరాతే. రంగు కుదిరిందో లేదో ఎడమ బొటనవేలి గోటి మీద పూసి చూసుకుంటాడు కాబట్టి, ఆ గోరు ఏ రెండు రోజులూ ఒక్కలా ఉండదు. బోర్డులు కూటికి; మనసంతా తెరల మీదే. కూలీల కష్టాలు పాడే బుల్లయ్య బృందానికి స్టేజీ వెనక కట్టే తెరలు అతనే వేస్తాడు. టేప్‌రికార్డర్లో పాట పెట్టుకుని, అందులోని మనిషి కళ్ళకు కనపడేదాకా కదలకుండా కూర్చుంటాడు.

ఈసారి పాట చిరుగుల చీరలో మిరపకాయలు కోసే ఓ తల్లి గురించి. జక్రయ్యకు కనపడింది వాళ్ళమ్మ ఎలీసమ్మే. అలాగే వేశాడు, చిరుగులతో సహా. ప్రదర్శన సాయంత్రం తెర కట్టగానే, ముందు వరసలో ఉన్న ఎలీసమ్మ లేచి నిలబడింది.

"ఏరా, పెట్టెలో నీలం క్రిస్మస్ చీర ఉండగా, ఊరందరి ముందు చింకిదాంతో నిలబెడతావా నన్ను?"

జనం గొల్లున నవ్వారు. జక్రయ్య చెవులు ఎర్రబడ్డాయి.

"పాటలో అట్టాగే ఉందమ్మా."

"పాట ఎవరిదైతే నాకేంరా? మొహం నాది!"

జక్రయ్య రంగు డబ్బాలు తెప్పించి, స్టేజీ మీదే నీలం రంగు కలిపాడు.

"ఒరేయ్, చీర మంచిదైతే నా పాటేం గావాలిరా?" అని బుల్లయ్య మొత్తుకున్నాడు.

"నువ్వు పాడన్నా," అంటూ చిరుగులన్నీ కప్పేశాడు జక్రయ్య.

పెట్రోమాక్స్ వెలుగులో పాట మొదలైంది. రెండో చరణానికి ఎలీసమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. పక్కనున్నామెతో మెల్లగా అంది: "పాపం, ఎవరి తల్లో!"