మా బస్సు గ్రూపులో శాంతి నెలకొన్న విధానం

జిన్నారం దగ్గరి మా ఫ్యాక్టరీ బస్సుకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. నిన్న అందులో ఎన్నికల మాట వచ్చి, మల్లేశ్ ఖదీర్ భాయ్‌ని బూతులు తిట్టాడు. భాయ్ "జెర మర్యాదగ మాట్లాడు తమ్మీ" అని మాత్రమే రాశాడు. గ్రూపు శాంతి కోసం అడ్మిన్ యాదగిరి సార్ వెంటనే కఠిన చర్య తీసుకుని, భాయ్‌ని తీసేశాడు. తిట్లు తినే మనిషే లేకపోతే మల్లేశ్ ఎవరిని తిడతాడన్నది సార్ తర్కం.

ఈ ఉదయం రోడ్డు తవ్వారు, బస్సు వేరే దారిన వస్తుందని సార్ గ్రూపులో పెట్టాడు. ఖదీర్ భాయ్ ఎప్పటిలాగే పాత స్టాపులో నిలబడ్డాడు. ఆయనకు పర్మనెంట్ ఉద్యోగం ఇంటర్వ్యూ ఈ రోజే.

"సార్, భాయ్‌కి చెప్పిండ్రా?" అని బస్సులో అడిగాను.

"గ్రూపుల పెట్టిన కద. సూసుకోవాలె."

"ఆయనను తీసేసిండ్రు కద సార్."

"అందుకేరా, పొద్దటి సంది గ్రూపు ఎంత సల్లగుందో సూడు."

నేను ఫోన్ చేశాక భాయ్ ఆటోలు మారి వచ్చేసరికి ఇంటర్వ్యూలు ముగిశాయి. ఉన్న ఒక్క ఉద్యోగం మల్లేశ్‌కు దక్కింది. సాయంత్రం గ్రూపు నిండా అభినందనలు, దండాలు, పూలగుత్తులు. ఒక్క చెడ్డ మాట లేదు.

మీ గ్రూపుల్లో శాంతి కోసం ఎవరిని తీసేశారో కామెంట్లలో చెప్పండి, దయచేసి మర్యాదగా.