తేలని పేర్ల పెట్టెలో అన్నయ్య

ఆఫీసులో ఆమెని అందరూ పేర్లమ్మ అంటారు. కంపెనీల్లో పెద్ద కుర్చీల్లో కూర్చున్నవాళ్లు తమ కంపెనీ షేర్లు కొన్నా, అమ్మినా ఆ సంగతి కాగితం మీద రాసి బయటపెట్టాలి. లోపలి గుట్టు వాళ్లకి ముందే తెలుస్తుంది కదా, అందుకని. ఆ కాగితాలన్నీ ఒకచోట చేర్చి, పేరు కొడితే చాలు ఎవరు ఎప్పుడు ఎంత అమ్ముకున్నారో చూపించే సాఫ్ట్‌వేర్ ఒకటి ఈ ఆఫీసు నడుపుతుంది. ఏ కాగితం ఏ మనిషిదో తేల్చి, ఆ మనిషి పేజీకి చేర్చడం పేర్లమ్మ పని. పదమూడేళ్లుగా ఇదే పని. ఎక్కడి మేనేజరుదైనా సంతకం వాటం చూసి పోల్చేస్తుంది. మొగుడి చొక్కా కొలత మాత్రం ఇప్పటికీ తప్పే తెస్తుంది.

ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక లోటుంది. మనిషి చనిపోయాడని రాయడానికి గడి లేదు. పోయినవాళ్లు కూడా పదవితో సహా బతికున్నవాళ్ల మధ్యే కూర్చుని ఉంటారు. కొత్తగా చేరినవాళ్లు దీని మీద జోకులేస్తారు. పేర్లమ్మ నవ్వదు.

ఆమె అన్నయ్య కేబుల్ ఫ్యాక్టరీలో లెక్కల విభాగానికి పెద్ద. పదకొండేళ్ల కిందట ఆ ఫ్యాక్టరీ మూతపడింది. పనివాళ్లు పొదుపంతా ఆ షేర్లలోనే పెట్టుకున్నారు, అవి చిత్తుకాగితాలైపోయాయి. మునుగుతుందని ముందే తెలిసి అన్నయ్య తన షేర్లు అమ్ముకున్నాడని ఊరంతా అంది. ఆయన అవుననలేదు, కాదనలేదు. నాలుగు నెలలకి గుండె ఆగి పోయాడు.

ఏడాది తర్వాత ఆయన కాగితాల కట్ట పేర్లమ్మ టేబులు మీదికే వచ్చింది. మనవాళ్ల పేరు వస్తే విప్పకుండా పక్క టేబులుకి ఇచ్చెయ్యాలని ఆఫీసు రూలు. ఇస్తే పక్కాయన చదువుతాడు. తను విప్పితే అన్నయ్య దొంగేనని తేలిపోతుంది. రెండూ చెయ్యలేక, మనిషెవరో తేలలేదని గుర్తు పెట్టి, తేలని పేర్ల పెట్టెలోకి తోసేసింది. అందులో పడ్డవి బయట ఎంత వెతికినా ఎవరికీ కనపడవు.

అప్పట్నుంచి ఆయన ఆమెని వదల్లేదు. మాట్లాడే ముందు రెండుసార్లు గొంతు సవరించుకోవడం అన్నయ్యకి అలవాటు. పట్టపగలు, పదిమంది మధ్యన, సరిగ్గా కుర్చీ వెనకాల ఆ సవరింపు వినిపించేది. తిరిగి చూస్తే గోడ ఉండేది. మొగుడికి కూడా చెప్పలేదు. భయమేసేది, సిగ్గేసేది, అన్నిటికన్నా ఎక్కువగా అన్నయ్య మీద కోపమొచ్చేది.

మొన్న మంగళవారం భోజనాల వేళకి మేనకోడలు క్యాంటీన్‌కి వచ్చింది. అన్నయ్య ఒక్కగానొక్క కూతురు, స్కూల్లో లెక్కల టీచరు.

“అత్తా, ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్లంతా కలిసి పుస్తకం వేస్తున్నారు. అందులో నాన్న మీద ఒక పేజీ. ఏం రాశారో నీకు చెప్పక్కర్లేదుగా.”

“రాసుకోనీవే. ఎవరి నోరని మూయిస్తాం?”

“రేపు మూతపడతాయి చూడు. మీ సాఫ్ట్‌వేర్‌లో నాన్న పేరు కొట్టాను. ఒక్క కాగితం రాలేదు! అంటే నాన్న ఒక్క షేరూ అమ్మలేదనేగా? రేపు వాళ్ల మీటింగులో అందరి ముందూ చూపిస్తాను.”

పదమూడో ఏట నుంచి తలొంచుకుని తిరిగిన పిల్ల. ఇవాళ మొహం వెలిగిపోతోంది. పేర్లమ్మ కంచం పక్కకి జరిపింది. ఆ ఖాళీ పేజీ తన చేతిపనే. రేపు ఎవరైనా అసలు కాగితం తెచ్చి చూపిస్తే, ఆ పిల్ల పరువు అక్కడే పోతుంది.

“సాఫ్ట్‌వేర్‌లో ఆ ఖాళీ పేజీ నమ్మకు. ఒక్క గంట ఆగు.”

“ఎందుకు?”

“ఆగమన్నానుగా.”

సీటుకి వచ్చి, పెట్టె తెరిచి, కట్ట విప్పింది. నాలుగే కాగితాలు. పై మూడూ కొనుగోళ్లు. ఆఖరి కొనుగోలు ఫ్యాక్టరీ మూతపడడానికి ఆరు రోజుల ముందు. మునిగే కంపెనీలో జీతమంతా పోశాడు వెర్రిబాగులాడు! నిన్ను పదేళ్లు దొంగవనుకున్నానే అన్నయ్యా అని ఆమెకి ఏడుపు తన్నుకొచ్చింది.

అడుగున ఉన్నది ఆ మూడింటికన్నా ముందుది. అది అమ్మకం. పెద్దల దగ్గరి బంధువులు అమ్మినా ఆ పెద్దల పేజీలోనే చూపించాలి. అమ్మినది ఎవరన్న చోట చెల్లెలు అని, పక్కన తన పేరు ఉంది. కింద సంతకం తనదే.

తను ఇల్లు కొన్న ఏడాది అది. అన్నయ్య వంటింటి గుమ్మంలో నిలబడి కాగితం చాపాడు. “నాన్న నీ పేరున ఉంచిందే, సంతకం పెట్టు, డబ్బు తెచ్చిస్తా” అన్నాడు. ఆమె వివరం అడగలేదు. పిండి చేతులు కొంగుకి తుడుచుకుని పెట్టేసింది. ఆ డబ్బుతోనే ఇల్లు కొన్నారు. ఫ్యాక్టరీ మునుగుతుందని ఆయనకి అప్పటికే తెలుసు. చెల్లెలిని ఒడ్డున పడేసి, ఆ తప్పు మోయలేక తను మునిగాడు.

నాలుగోది పెట్టెలోనే వదిలేస్తే అన్నయ్య దేవుడైపోతాడు, మేనకోడలు తలెత్తుకు తిరుగుతుంది, తన జోలికి ఎవరూ రారు. ఆమె చెయ్యి చాలాసేపు ఆ కాగితం మీదే ఉండిపోయింది. వెనకాల గొంతు సవరించుకున్న చప్పుడు, రెండుసార్లు. ఏం చెయ్యమంటున్నాడో మాత్రం తెలియలేదు. నాలుగూ పేజీకి చేర్చింది.

స్క్రీన్ మీద ఒక ప్రశ్న వచ్చింది. ఈ పేరు మీద ఏదైనా వస్తే తెలియజెయ్యమని అడిగినవాళ్లు రెండువందల పద్నాలుగు మంది ఉన్నారు, కబురు పంపాలా అని. ఇంతమంది ఇన్నేళ్లుగా ఒక చచ్చిపోయిన మనిషి కోసం కాచుకుని ఉన్నారు. ఆమె పంపేసింది.

అయిదు నిమిషాల్లో ఫోను మోగింది.

“అత్తా! నాన్న కొన్నాడత్తా, అమ్మలేదు, కొన్నాడు!” మేనకోడలు ఏడుస్తోంది, నవ్వుతోంది. అంతలో ఆగింది. “కింద ఒక అమ్మకం ఉంది. నీ పేరుందేంటి?”

“అది నాదేనే. నాకూ ఇప్పుడే తెలిసింది.”

“మరి పొద్దున లేని కాగితాలు ఇప్పుడెక్కణ్ణుంచి వచ్చాయి?”

అన్నయ్యని కాపాడదామని దాచానంటే ఇప్పుడు ఎవరు నమ్ముతారు? తన ఇల్లు కాపాడుకోవడానికి దాచిందనే అంటారు. ఈ పిల్ల కూడా అదే అనుకుంటుంది.

“నేనే దాచానే, పదేళ్లు” అంది పేర్లమ్మ.



“రేపు మీటింగుకి వచ్చి ఆ మాట నువ్వే చెప్పు” అని మేనకోడలు ఫోను పెట్టేసింది.