మేడమ్‌గారి చెల్లెలి ఇల్లు

శ్రీకాకుళం డిగ్రీ కాలేజీలో మాకు జువాలజీ చెప్పిన మేడమ్‌కి ఒక అలవాటుండేది. ఏదో ఒక ల్యాబ్‌కి ఫోన్ చేసేవారు. అవతల ఎవరైనా ఎత్తగానే ఫోన్ మా చేతిలో పెట్టేసి, "నీ పని నువ్వే అడుగు" అనేవారు.

అలా నలుగురైదుగురిని అడగగా, విశాఖపట్నంలో చేపల జబ్బుల మీద పరిశోధన చేసే ల్యాబ్ ఒకటి నన్ను ఇంటర్న్‌షిప్‌కి రమ్మంది. ఇప్పుడు నేను ఉద్యోగం చేస్తున్నది అక్కడే. అప్పుడు మాత్రం మా నాన్న ఒప్పుకోలేదు. ఆయన సముద్రం మీద వేటకెళ్లే మనిషి. సంగతి తెలిసి మేడమ్ ఆదివారం ఆటోలో మా ఊరొచ్చారు. వల బాగుచేసుకుంటున్న నాన్న పక్కన ఇసుకలోనే కూర్చున్నారు.

"సేపల్ని సూడ్డానికి అంత దూరమెందుకమ్మా? ఇక్కడ లేవేటి?" అన్నాడు నాన్న.

"ఇక్కడ పట్టడం నేర్పుతారు. సేపలెందుకు సస్తన్నాయో అక్కడ నేర్పుతారు" అన్నారు మేడమ్.

నాన్న వల పక్కన పెట్టాడు. "పిల్ల ఎక్కడుంటాది?"

"మా సెల్లి ఇంట్లో."

ఆ మాటకి నాన్న మెత్తబడ్డాడు. తర్వాతి వారం నా సంచి తనే మోసుకొచ్చి బస్సెక్కించాడు.

విశాఖలో తలుపు తీసినావిడతో, "మిమ్మల్ని అడిగినట్టు చెప్పమన్నారు మీ అక్కగారు" అన్నాను.

ఆవిడ నవ్వింది. "మేడమ్‌కి సెల్లెళ్లు లేరే. నేనూ ఆవిడ దగ్గర సదువుకున్నదాన్నే. నేనొచ్చినప్పుడు, నాకంటే ముందొచ్చినమ్మాయి ఇంట్లో ఉన్నాను. లోపలికి రా, అన్నం తిందువుగాని."